కృష్ణాతీరంలో తెరచాపల జాడ

విజయవాడ పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్లే పడవలన్నీ ఇంజను పడవలే. ప్రకాశం బ్యారేజీ నిలిపిన నీటిపై ఆ విహారం పిల్లలకు సరదాగానే ఉంటుంది గాని, ఈ నదిపై ఒకనాడు సాగిన ఓడల వర్తకాన్ని తెలుసుకోవాలని వచ్చినవారికి అందులో దొరికేది తక్కువ. అటువంటివారు గట్టెక్కి అమరావతికి, వీలైతే కృష్ణా జిల్లాలోని ఘంటసాల గ్రామానికి వెళ్లడం మేలు.

అమరావతిలో స్తూపం, కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం రెండూ చూడదగినవే. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇక్కడి శిల్పాలలో ముఖ్యమైనవి చాలా భాగం చెన్నైకి, లండన్‌కు తరలిపోయిన సంగతి ముందే తెలిసి వెళ్తే నిరాశ తగ్గుతుంది. ఆ పక్కనే ఉన్న ధరణికోటలో 1962-64 నడుమ జరిగిన తవ్వకాలలో, నదితో కలిసే కాలువ పక్కన ఓడలు ఆగేందుకు కట్టిన రేవు బయటపడింది. మొదట కర్రతోను, తరువాత ఇటుకతోను దానిని నిర్మించారు. ఇంత విలువైన చోట ఆ సంగతి తెలిపే పలక ఒక్కటీ నాకు కనిపించలేదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెంపై ముద్రించాడంటే, సముద్ర వ్యాపారం ఆ రాజ్యానికి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

నా మొగ్గు మాత్రం ఘంటసాల వైపే. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల అనే వర్తక కేంద్రం ఇదేనని పండితుల అభిప్రాయం. మహానావికుడు శివకుని పేరు ఇక్కడి ప్రాకృత శాసనంలో నిలిచింది. చరిత్రలో రాజులకు, దాతలకు దక్కే చోటు ఓడ నడిపినవానికి దక్కడం అరుదు కనుక, ఆ ఒక్క పేరు కోసమైనా పామర్రు మీదుగా ఈ ప్రయాణం చేయవచ్చు. సందర్శకుల తాకిడి లేకపోవడం వల్ల స్తూపం దగ్గర తీరిగ్గా గడపవచ్చు.

బసకు విజయవాడే అనువైనది. బస్టాండు దగ్గర నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉన్నా, వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాటితే రావు. నది కనిపించే గది కావాలంటే బెర్మ్ పార్కులోని పర్యాటక శాఖ హోటల్‌ను ముందుగా అడిగి చూడాలి. అమరావతికి ఆర్టీసీ బస్సు చాలు. ఘంటసాలకు మాత్రం కారు మాట్లాడుకుని, మధ్యాహ్న భోజనం దారిలోనే ముగించుకోవడం మంచిది.