మాట రికార్డులో ఉంది, పాట మనం కలుపుకోవాలి: సెల్ఫ్ హెల్ప్ ప్లస్ సమీక్ష

ఒత్తిడి తగ్గించుకోవడం నేర్పే కోర్సులు చాలావరకు తీరికా, చదువూ, తలుపు వేసుకోవడానికి ఒక గదీ ఉన్నవాళ్ల కోసం తయారైనవే. 1979లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన, ధ్యాసను ఈ క్షణం మీద నిలిపి ఒత్తిడి తగ్గించుకోవడం నేర్పే కోర్సు ఎంబీఎస్ఆర్‌నే చూడండి. ఎనిమిది వారాలు, వారానికి రెండున్నర గంటలు, పైగా ఒక రోజంతా సాధన, ఇంటి దగ్గర రోజూ అభ్యాసం. ఏ పూట కూలి ఆ పూటకే సరిపోయే మనిషికి ఇది అందేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. సుమారు రెండేసి గంటల చొప్పున ఐదు సెషన్లు, ఒక బృందంలో 30 మంది వరకు కూర్చోవచ్చు, రుసుము లేదు.

దీని అసలు బలం రికార్డు చేసిన గొంతు. పాఠం చెప్పేది ఆడియో. ముందు కూర్చున్న ఇద్దరు నిర్వాహకులు అభ్యాసం చేసి చూపిస్తారు, చర్చ నడుపుతారు. వాళ్లు మానసిక నిపుణులు కానక్కర్లేదు, కొద్దిపాటి శిక్షణ చాలు. కాబట్టి ఆ బస్తీవాళ్లే, ఆ శిబిరంవాళ్లే నడపగలరు. తోడుగా 2020లో వచ్చిన బొమ్మల పుస్తకం ఉంది, చదువు రానివాళ్లూ బొమ్మలు చూస్తూ పాఠం వెంట రాగలరు. ఉగాండాలోని రైనో క్యాంప్‌లో 694 మంది దక్షిణ సూడాన్ శరణార్థి మహిళలతో చేసిన పరీక్షలో, కోర్సు అయిన మూడు నెలల తర్వాత కూడా మానసిక వేదన తగ్గినట్టు తేలింది.

నేర్పేవి ఐదు నైపుణ్యాలు: కాళ్లు నేలకు ఆనించి ఈ క్షణంలోకి రావడం, పట్టి లాగే ఆలోచనకు పేరు పెట్టి వదిలించుకోవడం, తమ విలువలకు తగిన పని ఒకటి చేయడం, తమ మీద తాము దయ చూపడం, బాధకు లోపల చోటివ్వడం. మొదటిది అందరికీ వెంటనే అందుతుంది. మూడోది జాగ్రత్తగా నడపాలి. కష్టమైన పరిస్థితి నుంచి బయటపడటం, మార్చగలిగింది మార్చి మార్చలేనిదాని బాధను ఒప్పుకోవడం అన్న దారులు అక్కడ వస్తాయి. ఇల్లు కూల్చేస్తామని నోటీసు అందుకున్నవాళ్ల ముందు ‘ఒప్పుకోవడం’ అన్న మాటను తొందరపడి వాడితే అన్యాయానికి తల వంచమన్నట్టు వినిపిస్తుంది. మార్చగలిగినవేమిటో ముందు వాళ్లచేతే చెప్పించాలి.

లోటు ఎక్కడంటే, సంగీతం ఈ ఐదింటిలో లేదు. రెండు గంటలు మాటలే వినడం అలసిపోయి వచ్చినవాళ్లకు బరువు. మా సిఫారసు: మొదట పది నిమిషాలు, చివర ఐదు నిమిషాలు సంగీతం పెట్టండి. మాటల కింద మాత్రం వద్దు. రేకుల షెడ్డులో, రోడ్డు పక్కన, చిన్న స్పీకర్లో మాటా వాద్యం కలిస్తే హల్లులు వినబడవు. వెనక వరసవాళ్లు మెల్లగా పక్కవాళ్లతో మాటల్లో పడతారు.

మొదటి పది నిమిషాలకు సంగీత చికిత్సలో వాడే ఐసో సూత్రం పనికొస్తుంది. జనం ఏ ఉద్వేగంలో ఉన్నారో ఆ వేగంతో మొదలెట్టి నెమ్మదించాలి. గాభరాగా వచ్చినవాళ్లకు తిన్నగా నెమ్మదైన వేణువు వినిపిస్తే చిరాకు పెరుగుతుంది. నిమిషానికి 90–100 దెబ్బల లయతో అందరికీ తెలిసిన పాట చప్పట్లతో పాడించండి, తర్వాత 75కు, ఆఖరున 60కి దించండి. 60 దగ్గర ఒక దెబ్బకు ఒక సెకను. నాలుగు దెబ్బలు ఊపిరి లోపలికి, ఆరు దెబ్బలు బయటికి అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. లెక్కపెట్టమని ఎవరికీ చెప్పక్కర్లేదు, లయే లెక్క పెడుతుంది. బయటికి వదిలేటప్పుడు నోరు మూసుకుని ‘మ్‌మ్’ అని కూనిరాగం తీయిస్తే నిశ్వాసం దానంతటదే పొడవవుతుంది. తల తిరిగినట్టుందంటే ఊపిరి మరీ గట్టిగా పీలుస్తున్నారని అర్థం, మామూలు శ్వాసకు రమ్మనండి.

పాట ఎంపికలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వేర్వేరు మతాలవాళ్లున్న చోట భక్తిపాట పెడితే కొందరు మౌనంగా బయటివాళ్లయిపోతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి జోలపాట గాయం. హింస చూసినవాళ్లకు ఉన్నట్టుండి మోగే డప్పు ఉలికిపాటు తెస్తుంది. ముందు రోజే ‘ఏ పాట వద్దు?’ అని అడగడం, ‘ఏ పాట కావాలి?’ అని అడగడం కన్నా ముఖ్యం. బృందంలోనివాళ్ల గొంతుతో వచ్చే పాట ఏ రికార్డు కన్నా మేలని మా గట్టి నమ్మకం.

కళ్లు మూసుకోమని బలవంతం చేయకండి. నేల మీద ఒక చోట చూపు నిలిపితే చాలు. దీపాలు ఆర్పవద్దు, తలుపుకు అడ్డంగా ఎవరినీ కూర్చోబెట్టవద్దు. ఇయర్‌ఫోన్లు అసలు వద్దు, చుట్టూ ఏం జరుగుతోందో వినబడటమే చాలామందికి భద్రత.

ఆడియో ముందే ఫోన్‌లోకి దించుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే అభ్యాసం మధ్యలో ఎవరిదో ఫోన్ మోగుతుంది. స్పీకర్‌ను నేల మీద కాకుండా కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉంచి, వెనక వరసలో కూర్చుని విని చూడండి. బ్లూటూత్ తెగిపోవచ్చు, తీగ ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఆత్మహత్య ఆలోచన తక్షణ ప్రమాదంగా ఉన్నవాళ్లకు ఈ కోర్సు సరిపోదు. ఎవరి దగ్గరికి పంపాలో ఆ పేర్లు, ఫోన్ నంబర్లు మొదటి సెషన్‌కు ముందే నిర్వాహకుల చేతిలో ఉండాలి. అది సిద్ధం కాకపోతే ప్రారంభం వాయిదా వేయండి.

బొమ్మల పుస్తకం లైసెన్సు ప్రకారం వ్యాపారం కాని పనులకు అనువదించుకోవచ్చు. మూలం పేర్కొని, ఆ అనువాదం ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసింది కాదని రాయాలి, అదే లైసెన్సు కింద ఇవ్వాలి. మీ మాండలికంలో ఆడియో చదివించేటప్పుడు పుస్తక భాష వదిలేయండి. వాక్యాల మధ్య విరామం మీకు అతిగా అనిపించేంత ఇవ్వండి, వినేవాళ్లకు అప్పుడే సరిపోతుంది.