బెజవాడలో సూది వైద్యం: మొదటి సిట్టింగ్‌కి మార్కులు ఎలా వేయాలి

సూర్యారావుపేటలో ఆసుపత్రుల బోర్డుల మధ్య ‘ఆక్యుపంక్చర్’ అని కనిపిస్తే, పేరు రాయించుకునే ముందే అడగండి: సూదులు గుచ్చుతారా, వేలితో నొక్కుతారా? రెండింటికీ అదే పేరు వాడేవాళ్లున్నారు. ముళ్ల చెప్పులు, వేళ్లకి తొడిగే స్ప్రింగు ఉంగరాలు ఇంకో బాపతు. ఇక్కడ మార్కులు సూదులకే, అదీ మోకాలి నొప్పితో వెళ్లేవాళ్ల లెక్కలో.

పదిలో నాలుగు మార్కులు సూది పెట్టక ముందు అడిగే ప్రశ్నలకే. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, గర్భిణా, షుగర్‌తో పాదాలు మొద్దుబారాయా? ఇవి అడగకుండా మంచం చూపిస్తే అక్కడే సున్నా. పేస్‌మేకర్ ఉంటే సూదుల్లోకి కరెంటు పంపే క్లిప్పులు తగిలించకూడదు. పాదం మొద్దుబారినవాళ్లకి కాపడం కోసం వేడి ఎర్ర దీపం పెడితే, కాలుతున్నా తెలియదు. బొబ్బ ఇంటికెళ్లాక కనిపిస్తుంది.

సూదికి మూడు మార్కులు. వాడేది 0.25 మిల్లీమీటర్ల మందం, 25 లేదా 40 మిల్లీమీటర్ల పొడవున్న స్టీలు సూది. రక్తం తీసే సూది ఇంతకు మూడింతలు లావు. ప్యాకెట్ మీ కళ్లెదుటే చించాలి, స్పిరిట్ తడి ఆరనివ్వాలి. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్లు అడ్డంగా ఆనించి, ముందు ఎముకకి బయటివైపు వేలెడు జరిగితే ‘జూసాన్లీ’ పాయింటు, సూది గుచ్చే చోట్లలో ఒకటి. సన్న గొట్టంలోంచి సూదిని తట్టినప్పుడు చీమ కుట్టినంతే. లోపలికి దించి తిప్పుతుంటే బరువుగా, లాగినట్టు ఉంటుంది, అది మామూలే. కరెంటు కొట్టినట్టు కాలివేళ్ల దాకా జివ్వుమంటే మాత్రం ఓర్చుకోకండి, నరానికి తగిలి ఉండొచ్చు. చెప్తే వెనక్కి లాగుతారు.

ఇరవై, ముప్పై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. జీన్స్ మోకాలి పైకి మడవదు. లుంగీ, చీర, వదులు పైజామా ఏదైనా సరే. శనివారం ఉపవాసంతో అసలు వెళ్లకండి. ఖాళీ కడుపు, రోహిణీ కార్తె ఎండ, పైగా మొదటిసారి భయం: చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. అలా అయితే సూదులన్నీ తీసేసి, కాళ్లు ఎత్తి పడుకోబెట్టాలి. రెండు ఇడ్లీలు తిని వెళితే చాలావరకు ఈ గొడవే ఉండదు. పరదా వెనక పడుకోబెట్టి, పిలిచినా పలికే మనిషి లేకుంటే ఒక మార్కు కోత.

రెండు మార్కులు లెక్కకి. పెట్టినన్ని సూదులు తీశారా, పైకి లెక్కపెట్టాలి. తీసినవి గుచ్చుకోని గట్టి డబ్బాలో పడాలి, చెత్తబుట్టలో కాదు.

మిగిలిన ఒక్క మార్కు డబ్బు మాటకి. ఇరవై సిట్టింగులకి ముందే కట్టమంటే ఆ మార్కు వేయొద్దు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, వేరే జబ్బుతో ముడిపెట్టలేని దీర్ఘకాలిక నొప్పులకి ఈ వైద్యం ఒక కోర్సు ఇచ్చి చూడొచ్చని 2021లో చెప్పింది, అదీ మొత్తం 5 గంటలు మించకుండా. మోకీలు అరుగుదలకి ఇవ్వొద్దని 2022లో రాసింది. అందుకని ఎక్స్‌రేలో అరుగుదల ఉన్నవాళ్లకి ‘గుజ్జు మళ్లీ పెరుగుతుంది’ అనేచోట మేము మార్కులే వేయం. కీలు వాచి వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే సూదుల దగ్గరికి కాదు, నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.