ఈయూ (యూరోపియన్ యూనియన్) వ్యతిరేక గాలి వీస్తే: సర్దుకుపోవాలా, ఎదురు నిలవాలా?

జనం కోపాన్ని రెచ్చగొట్టే పాపులిస్టులు ఓట్లు లాగేస్తుంటే పెద్ద పార్టీల ముందు ప్రధానంగా రెండు దారులుంటాయి.

సర్దుకుపోవడం: ఈయూ నుంచి బయటికి రావాలనే యూకిప్ పార్టీ భయం, సొంత ఎంపీల ఒత్తిడి కలిసి 2013లో అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ చేత, ఈయూలో ఉండాలా వద్దా అని జనాన్నే ఓటడిగే రెఫరెండం మాట ఇప్పించాయి. 2015లో గెలిచారు కూడా. 2016 రెఫరెండంలో 51.9 శాతం ఈయూ బయటికే ఓటేశారు. మర్నాడు పొద్దున్నే కామెరాన్ డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని నివాసం గుమ్మం ముందు నిలబడి రాజీనామా ప్రకటించారు.

ఎదురు నిలవడం: 2017లో ఫ్రాన్స్ అధ్యక్షుడిగా గెలిచిన రాత్రి మాక్రాన్ యూరప్ గీతం మోగుతుండగా నడిచొచ్చారు. తర్వాత, ఆయన చేతిలో ఓడిన ఈయూ వ్యతిరేక నేత లె పెన్ యూరో కరెన్సీ వదిలేద్దామన్న మాటే మానుకున్నారు.

శ్రమ: మొదటిదానికి ఒక్క ప్రసంగం చాలు. రెండోదానికి ఏళ్ల తరబడి నచ్చజెప్పాలి.

రిస్క్: మొదటిదాంట్లో దేశం దారే మారిపోవచ్చు. రెండోదాంట్లో పాపులిస్టులు ఇంకా పెరగొచ్చు. 2024 యూరప్ పార్లమెంటు ఎన్నికల్లో ఫ్రాన్స్‌లో లె పెన్ పార్టీదే మొదటి స్థానం.

పార్టీ ఒక్క మాట మీదుంటే ఎదురు నిలవడమే మేలు. జనం కోపం వలసల్లాంటి ఒక్క విధానం మీదైతే అక్కడివరకే సర్దుకోవచ్చు. సభ్యత్వాన్నే పణంగా పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.