తాత ర్యాలీ సైకిలుతో వరంగల్‌లో రెండు రోజులు

మా తాత నడిపిన ర్యాలీ (Raleigh) కంపెనీ సైకిలును అమ్మడానికి చిన్నాయన, నేను మొన్నటి మాఘమాసంలో జమ్మికుంట నుండి వరంగల్ వెళ్లాము. రైలులోనైతే బ్రేక్‌వ్యానుకు లగేజీగా బుక్ చేయాలి. బండి ఆగే ఆ కాసేపట్లో ఎక్కించడం మా వల్ల కాదనిపించి, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వెళ్తున్న డీసీఎంను 400 రూపాయలకు మాట్లాడుకున్నాము. బస్తాల మీద పడుకోబెట్టి కట్టినందున సైకిలుకు గీత కూడా పడలేదు, మాకు మాత్రం హసన్‌పర్తి దాకా తుమ్ములు ఆగలేదు.

స్టేషన్ దగ్గర చూసిన మొదటి లాడ్జివారు సైకిలును రోడ్డు మీదే తాళం వేసుకొమ్మన్నారు. హనుమకొండ చౌరస్తా వైపు దొరికిన గదికి 200 ఎక్కువైనా, మెట్ల కింద చోటిచ్చారు కనుక అక్కడే దిగాము.

పాత సామాన్ల వ్యాపారి ఒకరు సైకిలును కంటితోనే తూచి 1,500 అన్నారు; 4,000 పెట్టి రంగు వేయిస్తే ఇంకా పలుకుతుందని సలహా కూడా ఇచ్చారు. ఆ మాట వినకపోవడమే మాకు మేలు చేసింది. కాశిబుగ్గలో ఒకప్పుడు సైకిల్ టాక్సీ, అంటే అద్దె సైకిళ్ల దుకాణం, నడిపిన పెద్దాయన, కిరసనాయిలు గుడ్డతో వెనుక హబ్బు (చక్రం నడిమి భాగం) మీది జిడ్డును తుడవగా ‘ఏడబ్ల్యూ’ అన్న అక్షరాలు, వాటి దగ్గరే 54, 7 అన్న అంకెలు బయటపడ్డాయి. అది స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు, 1954 జులైలో తయారైనది. చక్రం తర్వాత మార్చినదై ఉండవచ్చు కనుక ఆయన అంతటితో ఆగక, హ్యాండిలు కింద ముందువైపు ఉన్న కంపెనీ బిళ్ల మీద ‘నాటింగ్‌హామ్, ఇంగ్లండ్’ అన్న అక్షరాలను, పెడల్ చక్రంలోని కొంగ తలలను చూసిన తర్వాతే ఇది మన దేశంలోనే ఆసన్‌సోల్‌లో తయారైన సేన్ ర్యాలీ బండి కాదని తేల్చారు. గేరు తీగ ఎప్పుడో తెగిపోయింది. తీగ వదులైతే ఈ హబ్బు బరువైన మూడో గేరులోనే నిలిచిపోతుందట. తాత ప్రతి ఎత్తు దగ్గరా దిగి నడిచింది వయసు వల్ల కాదని ఆ రోజే తెలిసింది. తుప్పును భరించవచ్చు గానీ, రంగు వేస్తే బంగారు గీతలు, అసలు అక్షరాలు పోయి సగం ధర పోతుందని చెప్పి ఆయన తీసుకున్నది 150 రూపాయలు. ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చులన్నింటిలో దానికే పూర్తి విలువ దక్కింది.

మరునాడు ఉదయం ఖిలా వరంగల్ రాతిగోడ పక్కన నిలబెట్టి తీసిన ఫొటోలు ఎంత అందంగా వచ్చినా, హైదరాబాదు కొనుగోలుదారు ఒకరు హబ్బు, బిళ్ల, ఫ్రేము నంబరు తప్ప ఇంకేమీ అడగలేదు. సాయంత్రానికి స్వయంగా వచ్చి, చిరిగిన బ్రూక్స్ తోలు సీటుకు, మార్చిన పెడళ్లకు తగ్గించి 17,000 ఖాయం చేశారు. హ్యాండిలుకు వేలాడుతున్న మున్సిపాలిటీ లైసెన్సు రేకును చిన్నాయన విప్పి జేబులో వేసుకున్నారు. దానికి కొనుగోలుదారు మరో 500 తగ్గించారు.