జావా లాంచర్ ఏ మెయిన్‌ని ఎంచుకుంటుంది: రెండేళ్లకు పైగా వాడాక నా మాట

జావా ప్రోగ్రామ్ మొదలయ్యేది 'మెయిన్' అనే మెథడ్ దగ్గర; దాన్ని వెతికి నడిపేది లాంచర్, అంటే java కమాండ్. ఆ మెయిన్‌ని కుదించి రాసే కొత్త పద్ధతిని 2023లో జావా 21 వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను. అప్పుడది ప్రివ్యూ, అంటే ఖాయం చేయకముందు వాడి చూడమని ఇచ్చినది. 2025 సెప్టెంబరులో జావా 25తో ఖాయమైంది. పబ్లిక్, స్టాటిక్, స్ట్రింగ్ అర్రే (కమాండ్ లైన్లో ఇచ్చే మాటల జాబితా) ఏవీ లేకుండా ఉత్త 'వాయిడ్ మెయిన్' అని రాస్తే చాలు, ప్రోగ్రామ్ నడుస్తుంది. చిన్న స్క్రిప్టులు రాసుకునే నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు "స్టాటిక్ అంటే ఏంటో తర్వాత చెప్తాను" అని దాటేసే అవసరమూ పోయింది.

కానీ ఒక విషయంలో గట్టి దెబ్బ తిన్నాను. నా పేరెంట్ క్లాసులో (చైల్డ్ క్లాసుకు తన మెథడ్లను వారసత్వంగా ఇచ్చేది) పాత పద్ధతి మెయిన్ ఉంది, అంటే స్ట్రింగ్ అర్రే తీసుకునేది. చైల్డ్ క్లాసులో ఉత్త మెయిన్ రాశాను. జావా 21లో చైల్డ్‌దే నడిచింది, పక్కన ఒక వార్నింగ్ వచ్చింది. జావా 22కి మారగానే అదే కోడ్‌లో పేరెంట్ మెయిన్ నడవడం మొదలైంది! చైల్డ్ మెయిన్ మొదటి లైనులోనే ప్రింట్ పెట్టి చూశాను. ఏమీ రాలేదు. ఆ పూటంతా టెన్షనే.

సంగతేమిటంటే, 22 నుంచి రూల్ మార్చారు. స్ట్రింగ్ అర్రే తీసుకునే మెయిన్ క్లాసులో ఉన్నా, పైనుంచి వారసత్వంగా వచ్చినా లాంచర్ ముందు దాన్నే పట్టుకుంటుంది. అది లేకపోతేనే ఏమీ తీసుకోని మెయిన్ వైపు చూస్తుంది. స్టాటిక్ అవునా కాదా అన్నది ఆ తర్వాతి మాట: స్టాటిక్ అయితే నేరుగా పిలుస్తుంది, కాకపోతే ముందు ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది. 21లో అలా కాదు, స్టాటిక్ కూడా కలిపి నాలుగు మెట్ల వరస ఉండేది. అది నాకెప్పుడూ నోటికి రాలేదు.

నాకు తలనొప్పి తెచ్చినా కొత్త రూలే సరైనదంటాను. జావా 20 దాకా నా కోడ్ లాంటిదాంట్లో నడిచింది పేరెంట్ మెయినే కదా! ఏళ్ల తరబడి నడుస్తున్న ప్రోగ్రాములు వెర్షన్ మార్చగానే దారి తప్పకూడదు.

స్టాటిక్ కాని మెయిన్ వాడేవాళ్లు కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే భాగం) కూడా చూసుకోండి. ఆర్గ్యుమెంట్లు లేనిది, ప్రైవేట్ కానిది ఒకటి ఉండాలి. లేకపోతే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మాత్రం ఏం చేయాలో కూడా చెప్తుంది, అది నాకు బాగా నచ్చింది. రెండు మెయిన్‌లు కనబడినప్పుడు దేన్ని ఎంచుకుందో కూడా అలాగే ఒక్క లైనులో చెప్పాలని నా కోరిక. నా చిక్కు విప్పుకోవడానికి 21లో వచ్చిన ఆ వార్నింగే నాకు మొదటి ఆధారం.