చారిటీ పరుగు: ఒక్కరోజు మారథానా, నెలరోజుల చాలెంజా?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పనిచేసే మావాళ్లు ఈమధ్య పదేపదే ఇదే అడుగుతున్నారు. సేవాసంస్థ కోసం పరుగెత్తి విరాళాలు పోగుచేయాలంటే పెద్ద మారథాన్‌లో పేరిస్తే మేలా? లేక నెలలో ఇన్ని కిలోమీటర్లని మొక్కుకున్నట్టు అనుకుని, వీలున్నప్పుడల్లా పరుగెత్తి పూర్తిచేసే చాలెంజా?

జనం జేబులోంచి డబ్బు తీయించడంలో మారథాన్‌దే పైచేయి. ఛాతీ మీద నంబరు, మెడలో పతకం, ఫొటోలు చూస్తే కాదనలేరు. 2004లో మొదలైన ముంబై మారథాన్‌లో విరాళాలు సేకరించి ఎంట్రీ పొందే ఏర్పాటే ఉంది. దారిపొడవునా ఆ చప్పట్లు చాలెంజ్‌లో ఎక్కడివి?

కానీ మనకు అన్నిటికన్నా పెద్ద అడ్డు రోస్టర్, అదే డ్యూటీల పట్టిక. ముంబై పరుగు సాధారణంగా జనవరి మూడో ఆదివారం. సంక్రాంతికి ఊళ్లకెళ్లినవాళ్లు తిరిగొచ్చే రోజులవి, పైగా ఢిల్లీలో పొగమంచు. అక్కడ పొద్దున ఆగిన విమానం ఇక్కడికి ఏ మధ్యాహ్నానికో చేరుతుంది, మన షిఫ్టూ సాగుతుంది. ఆ వారం సెలవడిగితే డ్యూటీ మేనేజర్ మొహమే జవాబు చెప్పేస్తుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, మన ఊళ్లోనే. అయినా ఫుల్ మారథాన్ నెక్లెస్ రోడ్డులో తెల్లారకముందే మొదలవుతుంది. శనివారం నైట్ పడిందా, ఇక అంతే. డ్యూటీ మార్చుకుందామన్నా, ఆదివారం ఇంట్లో ఉండాలని ఎవరికి మాత్రం ఉండదు?

మోకాళ్ల సంగతీ చూసుకోవాలి. ఎయిర్‌బస్ ఎ320 విమానంలో సామాన్లు పెట్టే కార్గో హోల్డ్ ఎత్తు నాలుగడుగుల చిల్లర. నిలబడే వీల్లేదు, మోకాళ్ల మీద ఉండే బ్యాగులు పేర్చాలి. అలాంటి వారం గడిపాక ఒకేసారి హాఫ్ మారథాన్, 21 కిలోమీటర్లంటే నేనైతే వద్దనే అంటాను. రోజుకు 3 చాలు. నైట్ దిగిన రోజు అదీ వద్దు, నిద్రపోండి. వీక్లీ ఆఫ్ నాడు కాస్త ఎక్కువ లాగితే నెలకు 60 పెద్ద కష్టమేమీ కాదు. (డ్యూటీలో విమానాలు నిలిపే బేల మధ్య తిరిగింది కలపకండి, దానికి జీతం ఇస్తున్నారు!)

అందుకే నా ఓటు చాలెంజ్‌కే. మా కాంట్రాక్టు కుర్రాళ్లను ఒకేసారి వెయ్యి అడగాలంటే నోరు రాదు. కిలోమీటరుకు 10 రూపాయలంటే 60కి 600, జీతం పడ్డాక పంపేస్తారు. మధ్యలో “అన్నా, ఎంతదాకా వచ్చింది?” అని వాళ్లే ఆరా తీస్తారు. ఆ వంకతో సంస్థ ఏం పనిచేస్తుందో కూడా నలుగురికీ తెలుస్తుంది.

పరుగూ గిరుగూ లేకుండా నేరుగా విరాళం ఇచ్చేయొచ్చు కూడా. సంస్థకు 80జి గుర్తింపు ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలు దాటితే మాత్రం నగదు ఇవ్వకండి.

నెల ఎంచుకునే వీలుంటే ఫిబ్రవరి పెట్టుకోండి. పొగమంచు తగ్గుముఖం పడుతుంది, ఎండలు ఇంకా ముదరవు. కిలోమీటర్ల లెక్క యాప్ చూసుకుంటుంది. డబ్బు మాత్రం మీ ఫోన్‌పేకి వేయించుకోవద్దు, సంస్థ ఖాతాకే పంపమనండి.