బడిలో మతం: అసలు చెప్పకూడదా, ఎవరిది వాళ్లకా, అందరివీ అందరికా?

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో, కోరిక తీరాలని రొట్టెలు మార్చుకునే రొట్టెల పండగ అయిన మర్నాడు మా ఎనిమిదో తరగతిలో సగం మంది నిద్రమొహాలతో వచ్చారు. నెల్లూరు జిల్లాలో సోషల్ చెప్పే ఏ టీచరుకైనా ఇది మామూలే. ఏ రొట్టె పట్టుకున్నార్రా అంటే ఒకడు చదువు రొట్టె అన్నాడు, ఒకమ్మాయి వాళ్లమ్మ ఇంటి రొట్టె పట్టుకుందని చెప్పింది, ఇంకొకడు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటుంటే ముక్క జారి పడిపోయిందని ఇంకా బాధపడుతూనే ఉన్నాడు. వీళ్లలో ఎక్కువమంది హిందువుల పిల్లలే. సరే, బారాషహీద్ అంటే ఏంటి అని అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. బారా అంటే పన్నెండని, ఆ దర్గాలో పన్నెండు మంది అమరుల సమాధులున్నాయని నేనే చెప్పాను. మొహర్రం నెలలోనే ఎందుకొస్తుందో తెలుసా అన్నాను. వెనక బెంచీలోంచి ఒక ముస్లిం కుర్రాడు లేచి "మొహర్రం మాకు సంతోషం పండగ కాదు సార్" అన్నాడు, ఆపైన ఎలా చెప్పాలో తెలియక కూర్చున్నాడు. నేనూ మనకెందుకొచ్చిన గొడవలే అని పుస్తకం తెరిచేశాను. ఆ రోజు నేను చేసింది తప్పని ఇప్పటికీ అనిపిస్తుంది.

"గవర్నమెంటు బడిలో మతం మాట ఎత్తకూడదు, రాజ్యాంగమే వద్దంది" అని మా స్టాఫ్ రూమ్‌లో చాలామంది అంటారు. రాజ్యాంగం అనలేదు. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని 28వ అధికరణ చెబుతుంది. మతబోధ వేరు, మతాల గురించి చెప్పడం వేరు. ఈ తేడాను చదువుల మీద వేసిన కొఠారీ కమిషన్ 1964-66లోనే చూపించింది, 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువుకోవడాన్ని ఆ అధికరణ అడ్డుకోదని తేల్చింది. కాబట్టి చట్టం సాకు కుదరదు. ఇక మిగిలింది ఏ పద్ధతి మేలన్నదే.

మొదటిది, అసలేమీ చెప్పకపోవడం. ఇందులో టీచరుకి టెన్షన్ లేదు, ఫిర్యాదులు రావు, తల్లిదండ్రులతో మాట పడక్కర్లేదు. కానీ ఏమీ చెప్పని బడిలో మతం లేకుండా పోతుందా? పదో తరగతి పరీక్షల ముందు హాల్ టికెట్లు సరస్వతీదేవి ఫొటో ముందు పెడతాం, డిసెంబరులో కేక్ కోస్తాం, శుక్రవారం నమాజుకి వెళ్లే పిల్లలకు ఒక్కోచోట అనుమతి ఉంటుంది, ఒక్కోచోట ఉండదు. మతం ఉంది, దాని గురించి మాటే లేదు. ఆరో తరగతిలో జైనం, బౌద్ధం వస్తాయి, ఏడులో భక్తి, సూఫీ ఉద్యమాలు వస్తాయి, ఆ తర్వాత మతమనేది ఎప్పుడో జరిగిపోయిన సంగతన్నట్టు పుస్తకం వదిలేస్తుంది. మిగతాది పిల్లలు ఫోన్లో నేర్చుకుంటున్నారు. వాట్సాప్‌లో వచ్చే అరనిమిషం వీడియోకి మనం క్లాసురూమ్ ఖాళీ చేసి ఇచ్చినట్టే కదా.

రెండోది, ఎవరి మతం వాళ్లకు చెప్పడం. ఇది నేను చదువుకున్న ఎయిడెడ్ మిషన్ స్కూల్లో చూశాను. వారానికి రెండుసార్లు బెల్ కొట్టగానే క్యాథలిక్ పిల్లలు క్యాటెకిజంకి, అంటే వాళ్ల మత పాఠానికి, పక్క గదిలోకి వెళ్లిపోయేవాళ్లు, మిగిలిన మాకు మోరల్ సైన్స్. ఎవరినీ బలవంతపెట్టలేదు, అది నిజంగా మంచి విషయం. ఎయిడెడ్ బడిలో సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదని 28(3) కూడా అంటుంది. అయితే ఐదేళ్లు పక్కపక్కన కూర్చున్న నా స్నేహితుడు ఆ గదిలో ఏం నేర్చుకున్నాడో నాకు తెలియదు, దీపావళికి మా ఇంట్లో ఏం చేస్తామో వాడికి తెలియదు. నలభై నిమిషాల పీరియడ్ మమ్మల్ని రెండు గుంపులు చేసేది. అది కూడా మతం నడిపే బడి కాబట్టి చెల్లింది. ప్రభుత్వ బడిలో అయితే చట్టమూ ఒప్పుకోదు, ఒక్కో మతానికి ఒక్కో టీచరూ దొరకడు. ఈ పద్ధతిని నేను పక్కన పెట్టేస్తాను.

మూడోది, మతం మాటెత్తకుండా నీతి చెప్పడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థుల విలువల కోసం 2024లో చాగంటి కోటేశ్వరరావుగారిని సలహాదారుగా నియమించింది. పెద్దల్ని గౌరవించు, అబద్ధమాడకు అని చెప్పడం అవసరమే, నేనూ చెబుతాను. కానీ ఇది వేరే పని. "అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అని ముగిస్తే ఆ వెనక బెంచీ కుర్రాడి మాటకు జవాబు దొరకదు. వాడికి మొహర్రం దుఃఖం, పక్కవాడికి రొట్టెల పండగ. ఆ తేడా చెప్పకుండా దాటేస్తే వాణ్ని అర్థం చేసుకున్నట్టు కాదు.

నాలుగోది నేను కోరుకునేది. సోషల్ టీచరే, సోషల్ పీరియడ్లోనే, పిల్లలందర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అందరి మతాల గురించీ చెప్పడం. అమెరికాలో కాలిఫోర్నియాలోని మొడెస్టో ఊళ్లో ప్రభుత్వ హైస్కూళ్లు 2000 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ప్రపంచ మతాల కోర్సు పెట్టాయి, వద్దనుకున్నవాళ్లు తప్పుకోవచ్చు. అదే రాష్ట్రంలో ఆరో తరగతి సోషల్లో హిందూమతం గురించి ఏం రాయాలన్నదానిపై 2005-06లో, మళ్లీ 2016లో పెద్ద వివాదమే నడిచింది. కులం, ఆవు, విగ్రహం, అంతేనా మా మతం అని అక్కడి హిందూ తల్లిదండ్రులు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అక్కడ మనవాళ్లు తక్కువమంది కాబట్టి పుస్తకంలో ఒక్క వాక్యం తేడా వచ్చినా పిల్లాడికి క్లాసులో గుచ్చుకుంటుంది. ఇక్కడ నా క్లాసులో ముస్లిం, క్రైస్తవ పిల్లలు కూడా అంతే తక్కువమంది. వాళ్ల గురించి రాసేటప్పుడు కూడా వాళ్ల ఇంట్లో చదివినా "అవును, మేమిలాగే చేస్తాం" అనేలా ఉండాలి.

అలాగని తీపి మాటలే చెప్పమనడం లేదు. మా పక్కనున్న ఒంగోలు సంగతే చూడండి. 1876-78 కరువులో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం ఇచ్చారు. "గంజి కోసం మారారు" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, సరిగ్గా ఆ మాట రాకూడదనే. ఇక మారినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు. ఇదంతా చెప్పాలంటే కులం గురించి, అంటరానితనం గురించి చెప్పాల్సిందే. నా క్లాసులో వాళ్ల ముని మనవళ్లు కూర్చుని ఉంటారు, వాళ్ల తాతముత్తాతలు ఎందుకు మారారో పక్కవాడు గౌరవంగా వినాలి.

దీనికో పెద్ద చిక్కుంది, ఆ చిక్కు టీచరే. నాకూ ఒక మతముంది, ఇంట్లో పూజ చేసుకుంటాను, తెలియకుండానే నా వైపు మొగ్గుతాను. బీఈడీలో గానీ, ఆ తర్వాత ట్రైనింగుల్లో గానీ దీని గురించి నాకెవరూ ఒక్క గంట చెప్పలేదు. ముందు ట్రైనింగు, తర్వాతే పాఠం. ఈలోగా నేనొక చిన్న పద్ధతి పెట్టుకున్నాను, తెలుగులో అది తేలికే. "దేవుడు ఇలా చేశాడు" అనను, "ఇలా చేశాడని వాళ్లు నమ్ముతారు" అంటాను. మహమ్మద్ ప్రవక్త మనవడు హుస్సేన్ 680లో, మొహర్రం నెలలోనే, కర్బలాలో చనిపోయారు, అది చరిత్ర, నేరుగా చెబుతాను. ఆయన త్యాగం గురించి ముస్లింలు ఏమనుకుంటారో "అని" పెట్టి చెబుతాను. రాముడి గురించి, ఏసు గురించి చెప్పేటప్పుడు కూడా అదే "అని". నా సొంత దేవుడికి ఆ "అని" పెట్టడం మొదట్లో నోటికి రాలేదు, ఇప్పుడు అలవాటైంది.

ఈసారి పండగకి ముందు వారమే ఒక పీరియడ్ తీసుకోబోతున్నాను. పేరెంట్స్ కమిటీకి ముందే చెప్పాను, ఒకరిద్దరు ఎందుకు సార్ అన్నారు, బోర్డు మీద ఏం రాస్తానో కాగితం చూపించాను. ఆ కుర్రాడు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. మొహర్రం వాళ్ల ఇంట్లో ఎలా జరుగుతుందో వాడినే చెప్పమందామనుకున్నా, కానీ పిల్లాడి మీద అంత బరువు పెట్టకూడదని మానుకున్నాను. నేనే చెబుతాను, తప్పు చెబితే సరిదిద్దమన్నాను. తల ఊపాడు.